తీతువు గుడ్లు పెట్టిన చోటు

మా ఆయనకు కొంగల పిచ్చి. ఇందులో దాపరికం ఏమీ లేదు, నంద్యాలలో మా వీధి వీధంతా ఎరిగిన సంగతే. శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే సైకిలు తీసి కుందూ గట్టుకు పోయేవాడు. మెడలో బైనాక్యులరు వేలాడుతుండేది. సున్నిపెంటలో డ్యాము పని చేసిన ఇంజనీరు ఎవరో బదిలీ మీద పోతూ సామాను అమ్ముకుంటుంటే, అంత దూరం బస్సులో పోయి మరీ తెచ్చుకున్నాడు. మిషను బళ్ళో లెక్కలు చెప్పే అయ్యవారు బురదలో గొంతుక్కూర్చుని, కొంగ కాళ్ళు పచ్చగా ఉన్నాయా నల్లగా ఉన్నాయా అని చూస్తుంటే జనం నవ్వరా? నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. "కోడిని చూస్తే కూరన్నా అవుతుంది, కొంగను చూస్తే ఏమొస్తాది?" అని ఎత్తిపొడిచేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. అందుకు నాకు ఇంకా కోపం వచ్చేది.

ఆ పిచ్చి పాపకు అంటుకుంది. మాకు ఒక్కతే కూతురు. దానికి కాళ్ళు నిలిచినప్పటి నుంచీ ఆయన సైకిలు ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి, దాని మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. వాళ్ళటు పోగానే నేను ఆదివారం ప్రభువు గుడికి కట్టుకునే బట్టలు ఉతికి, గంజి పెట్టి ఆరేసుకునేదాన్ని. ఎండ ఎక్కే వేళకు తండ్రీ కూతుళ్ళిద్దరూ మోకాళ్ళ దాకా బురదతో దిగేవాళ్ళు. పాప గడపలోనే మొదలుపెట్టేది.

"అమ్మా, ఇయ్యాల ఎర్రకాళ్ళవి వచ్చినాయి. కాళ్ళు ఇంత పొడుగు. నడస్తాంటే దాని కాళ్ళు దానికే అడ్డం పడతాండాయి."

"ముందు నీ కాళ్ళు కడుక్కోపో," అనేదాన్ని.

నేను మా ఆయన్ని పేరు పెట్టి పిలిచేదాన్ని కాదు. మా పక్క ఏ ఆడదీ పిలవదు. పెళ్ళయిన కొత్తలో "ఇదో, వినపడిందా" అని గోడకు చెప్పినట్లు చెప్పేదాన్ని. ఆయనకు వినపడేది కాదు, లేదా వినపడనట్లు ఉండేవాడు. పాప పుట్టాక నాకు ఆ కష్టం తీరింది. పాప నాయనా అని పిలవడం మొదలుపెట్టాను. పాప నాయనా, అన్నానికి రా. పాప నాయనా, కిరసనాయిలు అయిపోయింది. పాప నాయనా, ఆ బురద కాళ్ళతో లోపలికొస్తే నేను మనిషిని కాను. తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా ఇదే పిలుపు. కట్టుకున్నవాణ్ణి బిడ్డ పేరు మీద పిలుచుకోవడంలో చనువుంది, మర్యాదా ఉంది. నా నోటికి అది పుట్టుకతో వచ్చిన మాటలాగా అయిపోయింది.

సెలవులు వస్తే ఆళ్లగడ్డకు పోయేవాళ్ళం. అక్కడ మా అత్తగారిల్లు, ఊరి బయట చెరువు కింద రెండు వరిమళ్ళు. ఎండాకాలంలో ఆ చెరువు చాలామటుకు ఎండిపోయి, నేల నెర్రెలు విచ్చేది. నడుమ మాత్రం కాస్త నీళ్ళు నిలిచేవి. ఆ నీళ్ళ చుట్టూ లోకంలో ఉన్న కొంగలన్నీ అక్కడే ఉన్నాయా అన్నట్లు చేరేవి. ఒకసారి నేనూ వాళ్ళ వెంట పోయాను. కొంగల మీద ప్రేమతో కాదు, మా అత్త నోరు తప్పించుకోవడానికి.

ఆ పొద్దు పాప నాకు పంతులమ్మ అయింది. నీళ్ళ పక్కన మట్టిరంగులో ముడుచుకుని కూర్చున్నదాన్ని చూపించి, "అది గుడ్డికొంగమ్మా. గుడ్డిది కాదు, నటిస్తాంది. చేప దగ్గరికి రానీ, అప్పుడు చూడు," అంది. బురద అంచున తోక ఆడిస్తూ పరుగెత్తే చిన్న పిట్టలు ఉల్లంకులట. చలికాలం రాకముందే యాడనుంచో వస్తాయట, ఎండలు ముదిరితే ఎల్లిపోతాయట. మెడ చాచి నిలబడ్డ బూడిదరంగుదాన్ని చూపించి, అది నారాయణ పక్షి అంది. "మనం కిరస్తానీలం గదా, ఆ పేరు పలకొచ్చా?" అని అడిగాను, ఆట పట్టించడానికి. "పిట్టకు తెలుసా మనమెవరో?" అంది. ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

గట్టు దిగి వస్తుంటే తీతువు ఒకటి మా నెత్తి మీద అరుస్తూ తిరగసాగింది. తీతువు అంటే మా పక్క అందరికీ దడ. ఇంటి మీదుగా కూస్తూ పోయిందంటే ఆ ఇంట్లో ఎవరికో మూడిందంటారు. బైబిలు చదివేదాన్నే అయినా, ఆ కూత వింటే నా చెయ్యి దానంతటదే గుండెల మీదికి పోతుంది. పోదాం పదండని తొందర పెట్టాను. ఆయన ముందు నడుస్తున్నాడు. ఆయనకన్నా ముందు ఉరికిన పాప ఉన్నట్టుండి వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది.

"నాయనా, ఎత్తిన కాలు ఆడనే పెట్టు. ముందుకు రావాకు."

ఆయన ఎత్తిన కాలు వెనక్కి పెట్టి నిలబడ్డాడు. నాకేమీ కనపడలేదు. ఎండిన మట్టి, గులకరాళ్ళు, అంతే. పాప వచ్చి నా గడ్డం పట్టుకుని తల కొంచెం పక్కకు తిప్పింది. అప్పుడు కనపడ్డాయి, గూడూ పుల్లా ఏమీ లేకుండా ఉత్త నేల మీద నాలుగు గుడ్లు. మట్టి రంగు, దాని మీద నల్లటి మచ్చలు. ఆయన పాదం పడవలసిన చోటే ఉన్నాయి.

"అది అరిచేది మనల్ని సావమని కాదమ్మా. నా గుడ్లు తొక్కాకండి అని," అంది పాప.

ఇంకొంచెం దూరం పోయాక పాత పెంకు ఒకటి దొరికింది. అంచు చూసి, "ఇది పిల్లైంది నాయనా. కాకి పొడిచింది కాదు," అంది. ఎట్ల తెలుసునే అని ఆయన అడిగాడు. పాప నవ్వి, "నాకు తెలుస్తాది, అంతే," అంది. ఆయన ఎంత బతిమాలినా చెప్పలేదు.

ఆ ఏడు దసరా సెలవులకు కూడా తండ్రీ కూతుళ్ళు ఆళ్లగడ్డకు పోయారు. వానలు బాగా పడి చెరువు నిండిందని, మళ్ళనిండా తెల్లకొంగలేనని పాప వచ్చి చెప్పింది. కొన్నాళ్ళకు దానికి జ్వరం తగిలింది. తలనొప్పి అంది, వాంతి చేసుకుంది. తెల్లారేసరికి ఒళ్ళు కొయ్యబారి, కళ్ళు పైకి పోయాయి. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మెదడువాపు జ్వరం అన్నారు. పాప మళ్ళీ కళ్ళు తెరవలేదు. బాడుగ జీపులో, ఆయన ఒళ్ళో పెట్టుకుని, తిరిగి నంద్యాలకు తెచ్చుకున్నాం. దారిపొడుగునా వరిమళ్ళలో కొంగలు నిలబడి ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

పాపను మట్టిలో పెట్టిన కొన్నాళ్ళకు ఆరోగ్యశాఖ మనిషి ఒకాయన మా ఇంటికొచ్చాడు. వీధిలో మందు కొట్టడానికి, చుట్టుపక్కల పందులున్నాయేమో చూడడానికి వచ్చాడు. మా ఆయన్ని అడిగాడు.

"చెరువు కాడికి గానీ, ఏటి కాడికి గానీ పాపను తీస్కపోతాంటిరా సార్?"

"ఊ."

"అదే మరి. ఈ రోగం కొంగల్లో ఉంటాదంట సార్. కొంగను కుట్టిన దోమ మనిషిని కుడితే తగులుకుంటాదంట."

చెప్పి, మా గోడ మీద సుద్దతో ఏదో రాసి పోయాడు. చెడ్డవాడేమీ కాదు. పైవాళ్ళు ఆయనకేమి చెప్పారో అది మాకు చెప్పాడు. ఆ మాటతో మా ఇల్లు కూలిపోయింది.

ఆ పొద్దే ఆయన సైకిలు కడ్డీకి చుట్టిన తువ్వాలు విప్పేశాడు. బైనాక్యులరును ఇనప్పెట్టెలో అడుక్కు వేశాడు. కుందూ దారి మానేసి బడికి ఊరంతా చుట్టి పోయేవాడు. ఇంట్లో తల ఎత్తి నా మొహం చూసేవాడు కాదు. పాపను చంపింది తానేనని ఆయన మనసులో పడిపోయింది. నాకు తెలుసు. అది నిజం కాదని చెప్పాలనుకున్నాను. దోమ ఎవరినన్నా అడిగి కుడుతుందా? ఆ మళ్ళలో నాట్లు వేసేవాళ్ళ పిల్లలు పొద్దస్తమానం ఆడుకోలేదా? ఇదంతా నా నోట్లో సిద్ధంగా ఉంది. మొదటి మాటే లేదు. ఆయన్ని పిలవాలంటే పాప నాయనా అని పిలవాలి. పాప లేదు. ఎప్పుడో వదిలేసిన 'ఇదో' మళ్ళీ నోటికి రాలేదు. వచ్చినా, ఎవరో పరాయివాణ్ణి పిలిచినట్లుండేది. "అన్నం పెట్టినా." "నీళ్ళు కాగినాయి." ఎవరికి చెబుతున్నానో తెలియని మాటలు ఇంట్లో అట్లా గాలిలోకి పోతుండేవి. ఒక మనిషిని పిలవకుండా ఆ మనిషితో కాపురం చేయడం ఎంత నరకమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

మంచి శుక్రవారం ఆరాధన ముగించుకుని గుడి నుంచి నడిచి వస్తుంటే ఆయనే నోరు తెరిచాడు.

"ఈస్టరు పండగైనాక నేను సున్నిపెంటకు పోతా. ఆడ బళ్ళో ఖాళీ ఉందంట. నువ్వు మీ అమ్మోళ్ళింటికి పో."

"ఎందుకు?"

"నన్ను చూస్తా ఎట్ల బతుకుతావ్ మే?"

బిడ్డ పోయింది, ఇక ఈయనా పోతున్నాడు. ఉండమని చెప్పాలి. నా నోరు ఊళ్ళో అందరి మీదా లేస్తుంది, ఆ పూట మాత్రం లేవలేదు.

ఈస్టరు ముందు శనివారం సమాధులు బాగు చేసుకోవడం మా వాళ్ళలో వాడుక. గడ్డి పీకి, సున్నం కొట్టి, ఏటి ఇసుక కొత్తగా పోస్తాం. మరునాడు కోడి కూసే వేళకు కొవ్వొత్తులు పట్టుకుని సంఘమంతా అక్కడికే పోయి పాటలు పాడుతాం. ఇసుక కావాలంటే కుందూకు పోక తప్పదు. ఆయన సైకిలుకు గోనెసంచి, పార కట్టుకుని బయలుదేరాడు. నేను సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని వెనక నడిచాను. నా చేతిసంచిలో బైనాక్యులరు ఉంది. ముందురోజే పెట్టెలోంచి తీసి దాచాను. ఏటి కాడ పిట్టలను చూస్తే ఒక్క మాటన్నా మాట్లాడతాడని నా ఆశ.

ఏట్లో నీళ్ళు సన్నబడ్డాయి. అవతలి ఒడ్డు బురద మీద పిట్టలే పిట్టలు. ఆయన వాటికి వీపు తిప్పి ఇసుక తోడడం మొదలుపెట్టాడు. నేను గట్టు మీద కూర్చుని బైనాక్యులరు తీశాను. మొదట అంతా మసక. నడిమి చక్రం తిప్పుతూ పోతే ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. ఎర్రకాళ్ళది. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కలు, గులాబీరంగు పుల్లల్లాంటి కాళ్ళు. నీళ్ళలో ఒక కాలు తీసి ఒక కాలు వేస్తుంటే, నిజంగానే దాని కాళ్ళు దానికే అడ్డం పడుతున్నాయి. పాప గడపలో నిలబడి చెప్పింది చెప్పినట్లే ఉంది. చూడమ్మా చూడమ్మా అని ఎన్ని శనివారాలు అడిగిందో. ఏడుపు వచ్చింది. అద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు.

కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉల్లంకులు ఇంకా పోలేదు, తోకలాడిస్తూ ఉరుకుతున్నాయి. గుడ్డికొంగ నటిస్తోంది. వాటి నడుమ పెద్ద నల్లటి పక్షి ఒకటి, కొడవలి మాదిరి వంగిన ముక్కుతో బురదను గుచ్చుతోంది. దాన్ని పాప నాకు చూపించలేదు. ఆయన్ని అడగాలి. వీపు చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ పిలుపు రాక, చివరికి గాలికి చెప్పాను.

"ఆ వంకరముక్కుదాని పేరేందో."

ఆయన చేతిలో పార ఆగింది. తల తిప్పుతాడనుకున్నాను. పార మళ్ళీ కదిలింది. సంచి నింపి, మూతి కట్టి, సైకిలు మీద వేసుకుని నడిచాడు. నేను బైనాక్యులరును సంచిలో వేసుకుని వెంట పోయాను. ఇక అయిపోయిందనే అనుకున్నాను.

సమాధుల తోటలో అక్కడొకరు ఇక్కడొకరు పని చేసుకుంటున్నారు. మా వీధి ముసలామె తన మొగుడి సమాధికి సున్నం పూస్తోంది. లోపలికి అడుగు పెడుతుండగానే తీతువు కూత వినపడింది.

"పొద్దున్నుంచి ఇదే గోల తల్లీ," అంది ఆమె. "మీ పాప కాడనే తిరుగుతాంది. ఎవరింటి మీదికి తెస్తాదో ఏమో పాడుముండ. ఒక రాయి తీసి కొట్టు."

నాకు ఒళ్ళు మండింది. "మా ఇంట్లో ఇంగెవరుండారు పెద్దమ్మా, అది కూసేదానికి?" అన్నాను. ఆమె కుంచె సున్నంలో ముంచుకుని అవతలి పక్కకు జరిగింది.

పాప సమాధికి ఇంకా దిమ్మె కట్టించలేదు. మట్టి వానకు కొట్టుకుపోకుండా, బేతంచెర్ల బండలు కోసే చోట మిగిలిన రాతిముక్కలు తెచ్చి పైనా చుట్టూ పరిచాడు ఆయన. నేను ఒక పక్కన బకెట్టు దించి, ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. ఆయన గేటు దగ్గర సైకిలు ఆపి, ఇసుకసంచి భుజాన వేసుకుని వస్తున్నాడు. బరువుకు నడుము వంగి, తల పక్కకు ఒరిగి ఉంది. కింద ఏముందో ఆయనకు కనపడదు. తీతువు ఆయన నెత్తిని తాకేంత కిందికి దిగి అరుస్తోంది. ఆయన పట్టించుకోలేదు.

నా గడ్డం ఎవరో పట్టుకుని తిప్పినట్లయింది. రాతిముక్కల నడుమ నాలుగు గుడ్లు ఉన్నాయి. మట్టి రంగు, నల్లటి మచ్చలు. ఆయన వాటి ముందుకొచ్చి కాలు ఎత్తాడు.

"పాప నాయనా, ఎత్తిన కాలు ఆడనే పెట్టు. ముందుకు రావాకు."

ఆయన నిలబడిపోయాడు. సంచి బరువుకు ఒళ్ళు ఊగుతోంది, కాలు గాలిలో ఉంది. మెల్లగా దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు. సంచిని వెనకవైపుకు జార్చి, నా వైపు చూశాడు. పాప పోయినాక నా కళ్ళలోకి చూడడం అదే మొదలు.

"ఏమన్నావ్?"

"గుడ్లుండాయి. నీ కాలి ముందర."

"అది కాదు. ముందు ఏమని పిలిచినావ్?"

"పాప నాయనా అంటి. ఇంగేమని పిలవల్ల నిన్ను?"

ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆసుపత్రిలో ఏడవలేదు, మట్టి వేసినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు చిన్నపిల్లవాడి మాదిరి నోరు తెరిచి ఏడ్చాడు. "నేనే తీస్కపోతి మే. నా చేతులతో నేనే సైకిలెక్కించుకోని తీస్కపోతి," అన్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళు నోట్లో సిద్ధం చేసి పెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నువ్వు తీస్కపోకుంటే అది నడిచి పోయేది, పాప నాయనా," అన్నాను. "నీ బిడ్డ కాదా అది?"

ఆ ముసలామె దూరం నుంచే చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీతువు అరుస్తూనే ఉంది. మేము లేచి, ఇసుకసంచిని ఈడ్చుకుని దూరంగా గోడ నీడకు పోయి కూర్చుంటే అప్పటికి వచ్చి గుడ్ల మీద కుదురుకుంది. బైనాక్యులరు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ళకు పెట్టుకుని చానాసేపు చూశాడు. తరువాత, నేను మళ్ళీ అడగకుండానే, "కంకణం పిట్ట. పొద్దున నువ్వు అడిగింది," అన్నాడు.

సున్నం కొట్టలేదు, ఇసుకా పోయలేదు. మరునాడు చీకటితోనే సంఘమంతా కొవ్వొత్తులతో వచ్చారు. సమాధులన్నీ తెల్లగా మెరుస్తుంటే మా పాపది ఒక్కటే మట్టిరంగులో ఉంది. దాని మీద కొవ్వొత్తి కూడా లేదు. ఆయన దానికి దూరంగా చేతులు చాచి నిలబడి, వచ్చేవాళ్ళను పక్కకు మళ్ళిస్తున్నాడు. పాస్టరయ్యగారు దగ్గరికొచ్చి, "ఏమప్పా, బాగు చేయలేదే?" అని మెల్లగా అడిగారు. "గుడ్లుండాయి అయ్యగారూ," అన్నాడు ఆయన. అయ్యగారు జనాన్ని అవతలికి జరిపి పాట ఎత్తుకున్నారు. క్రీస్తు లేచాడని అందరూ పాడుతుంటే, నా బిడ్డ ఎందుకు లేవదు అని నాకు కోపం వచ్చింది. ఆ పూట నేను పాడలేదు.

ఆయన సున్నిపెంటకు పోలేదు. మాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. నేను ఆయన్ని ఇప్పటికీ అట్లాగే పిలుస్తాను. వీధిలోకి కొత్తగా బాడుగకు వచ్చినవాళ్ళు విని, "పాప యాడుందమ్మా, పెండ్లైందా?" అని అడుగుతుంటారు. ఒక్కోసారి చెబుతాను, ఒక్కోసారి పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోతాను.

ఆ ఈస్టరు పోయి ఎండలు బాగా ముదిరాక, గుడ్లు ఏమయ్యాయో చూద్దామని ఇద్దరం పోయాం. తీతువు లేదు, పిల్లలూ లేవు. రాళ్ళ నడుమ పెంకు ముక్కలు పడి ఉన్నాయి. ఆయన ఒకటి అరచేతిలో పెట్టుకుని, బైనాక్యులరును తిరగేసి భూతద్దం మాదిరి దాని మీద పెట్టి అంచంతా చూశాడు. తరువాత నాకు ఇచ్చాడు. నేనూ చూశాను.

"పిల్లలైనాయంటావా? కాకి పొడిచిందంటావా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు పాప నాయనా."

"పాపకు తెలిసేది."

"తెలిసేది. మనకు చెప్పలే."

ఆయన పెంకును తీసిన చోటే పెట్టాడు. ఈస్టరుకు తెచ్చిన ఇసుక గోడ పక్కన సంచిలో అట్లే ఉంది. దాన్ని విప్పి, ఆ పెంకులున్న చోటు వదిలిపెట్టి, మిగతా అంతా పోసి ఇంటికొచ్చాం.